సంబళమా, వరమా?



మన సంఘంలో క్రైస్తవుల ఇళ్ళు కొన్నే. ఉగాదికైనా, సంక్రాంతికైనా, మా క్రిస్మసుకైనా అందరం ఒకే పంక్తిలో కూర్చుని తింటాం. అందుకే మనసులో ఉన్న మాట అడగడానికి ఎవరికీ సంకోచం లేదు. నన్ను చాలామంది అడిగిన ప్రశ్న ఒకటుంది. "మీ మతంలో మంచి పనులకు విలువ లేదంట గదా అన్నా? జీవితమంతా ఏం చేసినా చివర్లో యేసును నమ్మితే మోక్షమంట గదా? అట్లయితే ఒళ్ళు దగ్గర పెట్టుకుని యోగ్యంగా బతికినోడి గతి ఏమిటి?"

ఇది ఎగతాళికి అడిగే ప్రశ్న కాదు. నేను కూడా ముప్పై ఏళ్ళకు పైగా ఈ ప్రశ్నతోనే ఉన్నాను. దానికి కారణం మా ఇంట్లోనే ఉంది, అది కింద రాస్తాను. నేను పాస్టరును కాను. చదివింది తమిళ మీడియం. తెలుగు అక్షరాలు మా అమ్మ బైబిలు ముందర పెట్టి నేర్పింది. రైల్వేలో నా సర్వీసంతా బిల్లులు రాయడంలోనే గడిచింది. కాబట్టి నాకు తెలిసిన లెక్కల భాషలోనే చెబుతాను. ఎవరినీ మతం మార్చడానికి రాయడం లేదు. అడిగినారు, జవాబు చెబుతున్నాను.

మా ఇంట్లో రెండు బైబిళ్ళు ఉండేవి. చర్చికి తీసుకుపోయేది తమిళ బైబిలు, ఇంట్లో చదివేది తెలుగు బైబిలు. రోమా పత్రిక 6వ అధ్యాయం చివరి వచనంలో పౌలు రెండు విషయాలు పక్కపక్కన పెడతాడు. ఒకటి పాపం చేస్తే వచ్చేది, రెండోది దేవుడు ఇచ్చేది. మొదటిదానికి తమిళ బైబిల్లో ఉన్న మాట సంబళం, తెలుగు బైబిల్లో జీతం. మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులో జీతాన్ని సంబళం అనే అంటాం గదా. రెండోదానికి తమిళంలో కిరుబైవరం, తెలుగులో కృపావరం. అంటే ఒక పక్క సంబళం, ఇంకో పక్క వరం. చిన్నప్పటి నుంచి ఎన్నోసార్లు విన్న వచనమే అయినా, బిల్లు సెక్షన్‌లో కూర్చున్న తర్వాతే ఆ రెండు మాటల మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలిసింది.

సంబళం అంటే ఏమిటి? మస్టరు రోల్లో హాజరు పడితే ఆ రోజు కూలి ఆ మనిషిది. అది చేతిలో పెట్టేటప్పుడు ఆఫీసరు దయ చూపించినాడని ఎవరూ అనరు. ఇవ్వకపోతే యూనియన్ వాళ్ళు వచ్చి బల్ల మీద గుద్ది అడుగుతారు. రోమా 4వ అధ్యాయం మొదట్లో పౌలు చెప్పేదీ ఇదే. పనిచేసినవాడికి వచ్చేది బాకీ, దయ కాదు. అయితే దేవుడి దగ్గర మనిషి ఆ రకంగా బిల్లు పెట్టలేడని ఆయన వాదన. ఎఫెసీ పత్రిక 2వ అధ్యాయం 8, 9 వచనాల్లో దాన్నే ఇంకా సూటిగా రాసినాడు. రక్షణ కృప వల్ల, విశ్వాసం ద్వారా వస్తుంది, మన పనులకు బదులుగా రాదు, కాబట్టి గొప్ప చెప్పుకోడానికి ఎవరికీ చోటు లేదు అని దాని సారం.

మంచి పనికి విలువ లేదని ఇందులో ఎక్కడా లేదు. మంచి పనులన్నీ రాసి, కింద కూడిక వేసి, దేవుడి ముందర పెట్టి "నాకు రావలసింది ఇవ్వు" అనడానికి లేదని ఉంది. ఎందుకంటే నిజంగా లెక్క రాస్తే జమ పక్క ఒకటే రాసి ఊరుకోలేం. ఖర్చు పక్క కూడా రాయాలి. నోటితో అన్నవి, మనసులో అనుకున్నవి, చెయ్యవలసి ఉండీ చెయ్యనివి అన్నీ రాయాలి. ఆ పేజీ చూసి ధైర్యంగా సంతకం పెట్టేవాళ్ళు ఎవరున్నారు?

మన వాళ్ళకు ఈ వాదన కొత్త కాదు. నేను పెరిగింది తిరుచ్చి పొన్మలై రైల్వే కాలనీలో. శ్రీరంగం పక్కనే. మా కాలనీలో తెలుగు వైష్ణవుల ఇళ్ళు ఉండేవి. వడగలై, తెన్‌గలై అంటే నామం ఆకారంలో తేడా మాత్రమే అని నేను అనుకునేవాడిని. నాయనతో పనిచేసే ఒక పెద్దాయన ఒకసారి వివరంగా చెప్పినాడు. కోతిపిల్ల తల్లి పొట్టను తానే గట్టిగా పట్టుకోవాలి, పట్టు వదిలితే పడిపోతుంది. పిల్లిపిల్లకు ఆ పని లేదు, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. భగవంతుడు కాపాడేటప్పుడు జీవుడు చెయ్యవలసింది కొంచెమైనా ఉందా, అసలేమీ లేదా అన్నదే ఆ గొడవ. వేదాంత దేశికులు ఒక పక్క, పిళ్ళై లోకాచార్యులు, ఆయన తర్వాత మణవాళ మామునులు ఇంకో పక్క. దేవుడి దయ ముందా, మన ప్రయత్నం ముందా అని మన పక్క ఊళ్ళోనే వందల ఏళ్ళుగా అడుగుతూ ఉన్నారు.

రెండు మతాలూ ఒకటే అని చెప్పడానికి ఇది రాయలేదు. మా విశ్వాసంలో కృప అన్న మాటను సిలువ నుంచి విడదీయలేం. తప్పుకు ఖరీదు ఉంది, దాన్ని దేవుడు కొట్టివేయలేదు, తప్పు చేసినవాడి బదులు క్రీస్తు చెల్లించినాడు అని మా నమ్మకం. తిరునెల్వేలి వైష్ణవ కుటుంబంలో పుట్టి 1858లో క్రైస్తవుడైన హెచ్.ఏ.కృష్ణ పిళ్ళై పేరు తమిళ మీడియంలో చదివినవాళ్ళకు తెలిసే ఉంటుంది. ఆయన రక్షణ్య యాత్రికం రాసినాడు. మన తెలుగులో పురుషోత్తమ చౌదరి గారు. ఒడిశా పర్లాకిమిడి వైపు బ్రాహ్మణ కుటుంబంలో 1803లో పుట్టినారు. ఆయన రాసిన కీర్తనలు నేటికీ తెలుగు చర్చిల్లో పాడతారు. ఇద్దరూ పూజలు, నియమాలు తెలిసిన ఇళ్ళ నుంచి వచ్చినవాళ్ళే.

ఐరోపాలో ఈ ప్రశ్నను పెద్దగా లేపినవాడు మార్టిన్ లూథర్. 1505లో జర్మనీలో మఠంలో చేరినాడు. ఉపవాసాలు, జాగారాలు, గంటలకొద్దీ పాపాల ఒప్పుకోలు. ఎంత చేసినా "ఇక చాలు" అన్న ధైర్యం రాలేదు. రోమా పత్రిక చదివి చదివి, దేవుడి నీతి అంటే మనిషిని పట్టుకుని శిక్షించే నీతి కాదు, నమ్మినవాడికి ఉచితంగా ఇచ్చే నీతి అని అర్థం చేసుకున్నాడు. ఆ కాలంలో పాపానికి పడే శిక్ష తగ్గుతుందని చెప్పి పత్రాలు డబ్బుకు అమ్మేవాళ్ళు. ఆ డబ్బులో కొంత రోములో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి పోయేది. 1517 అక్టోబరు 31న విట్టెన్‌బర్గులో లూథర్ దాని మీద 95 అంశాలతో వాదం లేవనెత్తినాడు.

ఆ వాదం మన తీరానికి ఓడలో వచ్చింది. 1706 జులైలో డెన్మార్క్ రాజు పంపగా జీగెన్‌బాల్గు, ప్లూచో అన్న ఇద్దరు జర్మన్ లూథరన్లు తరంగంబాడిలో దిగినారు. మాయవరం నుంచి తరంగంబాడికి 1926 నుంచి 1986 దాకా మీటర్ గేజి బండి నడిచేది, మా ఈడు రైల్వేవాళ్ళకు గుర్తుంటుంది. జీగెన్‌బాల్గు తమిళం నేర్చుకుని కొత్త నిబంధన అచ్చు వేయించినాడు. 1718లో చర్చి కట్టించి, మరుసటి ఏడే 36 ఏళ్ళకే పోయినాడు. ఆయన సమాధి ఆ చర్చిలోనే ఉంది. తర్వాత వచ్చిన బెంజమిన్ షుల్ట్జ్ మద్రాసుకు పోయి తెలుగు నేర్చుకున్నాడు. తిరిగి జర్మనీ పోయినాక 1740ల్లో హాలే ఊళ్ళో చిన్న చిన్న తెలుగు పుస్తకాలు అచ్చు వేయించినాడు. తెలుగులో మొదట అచ్చయిన పుస్తకాలుగా వాటినే చెబుతారు. అందులో ఒకదాని పేరుకు మోక్షానికి తీసుకుపోయే దోవ అని అర్థం. మన అక్షరం అచ్చెక్కిన రోజు నుంచే ఈ ప్రశ్న తెలుగులో ఉందన్నమాట.

ఇప్పుడు యేసు చెప్పిన ఒక కథ. మత్తయి సువార్త 20వ అధ్యాయంలో ఉంది. ద్రాక్షతోట యజమాని తెల్లవారగానే కూలీలను పిలిచినాడు, రోజుకు ఒక దేనారం అని ఒప్పందం. తొమ్మిదికి కొందరిని, పన్నెండుకు కొందరిని, మూడుకు కొందరిని పిలిచినాడు. సాయంత్రం ఐదుకు పోయి చూస్తే ఇంకా కొందరు నిలబడి ఉన్నారు. ఎందుకు ఊరికే ఉన్నారని అడిగితే ఎవరూ పిలవలేదన్నారు. వాళ్ళనూ తోటలోకి పంపినాడు. ఆరింటికి కూలి ఇచ్చేటప్పుడు చివర వచ్చినవాళ్ళ నుంచి మొదలుపెట్టి అందరికీ ఒక్కొక్క దేనారం ఇచ్చినాడు.

నా సెక్షన్‌లో ఇట్లా బిల్లు రాసి ఉంటే ఆడిట్ వాళ్ళు ఊరుకునేవాళ్ళు కాదు. గంట పనికీ, పన్నెండు గంటల పనికీ ఒకే కూలి ఏ రూలు కింద ఇచ్చినావని అడిగేవాళ్ళు. క్యాజువల్ లేబరుకు వరసగా 120 రోజులు నిండితే టెంపరరీ స్టేటస్. 119 అయితే లేదు. రూలు అట్లాగే ఉండాలి, లేకపోతే ఆఫీసు నడవదు. ఇంకొక సంగతి కూడా చూడండి. ముందు వచ్చినవాళ్ళకు ముందే ఇచ్చి పంపించేసి ఉంటే గొడవే లేదు. తర్వాతవాళ్ళకు ఎంత ముట్టిందో వాళ్ళకు తెలిసేదే కాదు. యజమాని కావాలనే అందరి కళ్ళ ముందర, చివరివాళ్ళ నుంచి ఇచ్చినాడు. పొద్దుటి నుంచి ఎండలో వంగినవాళ్ళు గొణిగినారు. గొణగరా మరి?

మా ఇంటి సంగతి ఇక్కడే వస్తుంది.

మా నాయన పొన్మలై వర్క్‌షాపులో ఖలాసీగా చేరి ఫిట్టరుగా రిటైరయినాడు. పనిలో మంచి పేరు. ఇంట్లో వేరే మనిషి. సంబళం రోజు సాయంత్రమైతే అమ్మ మా నలుగురు పిల్లలనూ తీసుకుని పక్కింటి వసారాలో కూర్చునేది. ఆయన తాగి వచ్చి, అరిచి, పడుకున్నాకే మేము లోపలికి పోయేది. ఒకసారి అమ్మ ఎడమ చేతి మణికట్టు విరిగింది. అతుక్కుంది గానీ వంకరగా అతుక్కుంది. అమ్మ ఇడ్లీ పిండి రుబ్బి అమ్మి మమ్మల్ని చదివించింది. ఆదివారం చర్చి మానలేదు, శుక్రవారం ఉపవాసం మానలేదు.

1991లో నాయనకు కాలేయం చెడిపోయి మంచాన పడినాడు. రెండు నెలలు ఉన్నాడు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసేవారు. జీవితంలో మోకాలు వంచని మనిషి, ఆ రెండు నెలల్లో పసిపిల్లాడి మాదిరి ఏడ్చినాడు. నా కళ్ళతో చూసినాను కాబట్టి చెబుతున్నాను, అది నటన కాదు. అమ్మ చెయ్యి పట్టుకుని, ఆ వంకర మణికట్టునే పట్టుకుని, క్షమించమని అడిగినాడు. అమ్మ ఏమీ అనలేదు, చెయ్యి మాత్రం వెనక్కు తీసుకోలేదు. ప్రభురాత్రి భోజనం తీసుకుని నిమ్మళంగా పోయినాడు. సమాధి దగ్గర పాస్టరు గారు ఆయన ప్రభువు దగ్గర ఉన్నాడని చెప్పినారు.

కొన్ని రోజుల తర్వాత రాత్రి భోజనాలయినాక అమ్మ నన్ను అడిగింది. "ముప్పై ఐదేళ్ళు నేను పడినాను. రెండు నెలలు ఆయన ఏడ్చినాడు. ఇద్దరికీ ఒకే చోటేనారా?"

ఇప్పుడు చెప్పండి. సంఘంలో మీరు అడిగే ప్రశ్న ఇదే గదా. కృప అంటే వినడానికి చల్లగా ఉంటుంది. మనల్ని కొట్టినవాడికి కూడా అది అందిందని తెలిసిన రోజు దాని బరువు తెలుస్తుంది. ఆ రాత్రి నేను అమ్మకు ఏమీ చెప్పలేదు. ఆమెకు పాఠం చెప్పే అర్హత ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

జవాబు ఆమే వెతుక్కుంది, చాలా ఏళ్ళు పట్టింది. ద్రాక్షతోట కథనే పదేపదే చదివేది. ఒకరోజు అన్నది, "పొద్దున వచ్చినోళ్ళు అంతగా గొణిగినారు గదా, యజమాని వాళ్ళమీద కోప్పడలేదురా. స్నేహితుడా అని పిలిచినాడు. గొణిగినారని దేనారం వెనక్కు తీసుకోలేదు." తమిళ బైబిలు తీసి చూసినాను. అక్కడా సినేహితనే అన్న మాటే ఉంది. ఎన్ని ప్రసంగాలు విన్నా ఆ పిలుపు మీద నాకు దృష్టి పడలేదు. తెల్లవారి నుంచి పనిచేసిన మనిషి కాబట్టి ఆమెకు పడింది.

ఇంకోసారి అన్న మాట ఇంకా లోతైనది. "మీ నాయనను పూర్తిగా క్షమించేసినానని నేను చెప్పలేను. కొన్నాళ్ళు క్షమిస్తాను. కొన్నాళ్ళు చెయ్యి నొప్పెడితే మళ్ళీ అంతా గుర్తొస్తుంది. అది కూడా నేను నూటికి నూరు చేసి ముగిస్తేనే పరలోకం అంటే, నేనూ బయటే గదా." క్షమించమని ప్రభువు చెప్పిన ఆజ్ఞ ఆమెకు తెలుసు, దాన్ని చివరిదాకా మోసింది. కానీ ఆ ఆజ్ఞను ఎంతవరకు నెరవేర్చినానా అని తన మార్కులు లెక్క వేసుకుని ఆ మార్కులమీద ఆమె ఆశ పెట్టుకోలేదు. నాయన తన పాపాలతో ఏ తలుపు దగ్గరకు పోయినాడో, ఆమె తన ఉపవాసాలతో, కష్టంతో అదే తలుపు దగ్గరకు పోయింది. ఇద్దరి చేతుల్లోనూ చూపించడానికి బిల్లు లేదు.

ఇంతవరకు చదివి మీలో కొందరు, ముఖ్యంగా ఆడవాళ్ళు, అడుగుతారు. "తాగి కొట్టేవాళ్ళకు ఇది భలే సౌకర్యం గదా? కొట్టేది కొట్టి, చివర్లో ఏడిస్తే సరి." న్యాయమైన ప్రశ్న. పౌలుకూ ఈ ప్రశ్న వచ్చింది. రోమా 6వ అధ్యాయం మొదలయ్యేదే దానితో, కృప ఎక్కువ కావడానికి పాపం చేస్తూ పోదామా అని ఆయనే అడిగి, కూడనే కూడదని తానే జవాబు చెప్పినాడు. చివర్లో ఏడుద్దామని ముందే లెక్క వేసుకునేవాడు కృపను నమ్మినవాడు కాదు. అది కూడా ఒక రకం బిల్లే, తేదీ ముందే వేసి పెట్టుకున్న బిల్లు.

యాకోబు పత్రిక చూడండి. పనులు లేని విశ్వాసం చచ్చినదని ఆయన వాదన. లూథర్‌కు ఆ పత్రిక నచ్చలేదు, 1522లో దాన్ని గడ్డితో పోల్చి రాసినాడు. కానీ జాగ్రత్తగా చదివితే పౌలు, యాకోబు ఇద్దరూ అబ్రాహామునే సాక్ష్యం తెస్తారు. పౌలు చూపించేది ఆదికాండం 15వ అధ్యాయంలో అబ్రాహాము దేవుడి మాట నమ్మిన రోజు. యాకోబు చూపించేది 22వ అధ్యాయంలో కొడుకును బలికి తీసుకుపోయిన రోజు. నమ్మకం ముందు, పని తర్వాత. వేరు, కాయ మాదిరి. కాయలు తెచ్చి కొమ్మలకు కడితే చెట్టుకు ప్రాణం రాదు. ప్రాణమున్న చెట్టు కాయకుండా ఉండదు.

కృప అందిన మనిషి ఏం చేస్తాడో జక్కయ్య కథలో ఉంది. పన్నులు వసూలు చేసి జనాన్ని దోచినవాడి ఇంటికి యేసు తానుగా పోయినాడు. పోయిన తర్వాతే జక్కయ్య, తాను మోసం చేసిన వాళ్ళకు నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. దేవుడు క్షమించినాడు కాబట్టి మనుషుల బాకీ రద్దయిందని అనలేదు. లూథరన్ పాస్టరే అయిన బోన్‌హాఫర్ 1937లో చవక కృప అన్న మాట వాడి, తమ సంఘాన్నే గట్టిగా హెచ్చరించినాడు. హిట్లరును ఎదిరించినందుకు 1945 ఏప్రిల్‌లో ఆయనను ఉరి తీసినారు. కృప చవకగా రాలేదు, దాన్ని చవక చెయ్యకూడదని ఆయన చెప్పింది. మా అమ్మ కూడా తన పద్ధతిలో ఇదే చెప్పేది. "ఆయన మారినాడు గదా, పాతవి ఎందుకు" అని చుట్టాలు అంటే, "దేవుడు క్షమించినాడని నా చెయ్యి చక్కన కాలేదు" అనేది. క్షమాపణ ఉంది, జరిగింది కూడా ఉంది. ఒకటి చెప్పి ఇంకొకటి దాచకూడదు.

ఈ విషయం మీద క్యాథలిక్కులూ, లూథరన్లూ దాదాపు అయిదు వందల ఏళ్ళు కొట్లాడుకున్నారు. చివరికి 1999లో అదే అక్టోబరు 31న జర్మనీలోని ఆగ్స్‌బర్గులో ఇద్దరూ కలిసి ఒక పత్రం మీద సంతకాలు చేసినారు. దేవుడు మనల్ని అంగీకరించేది మన యోగ్యత వల్ల కాదు, కృప వల్లనే, ఆ కృపే మనల్ని మంచి పనులకు సిద్ధం చేస్తుంది అని దాని సారాంశం. తేడాలు ఇంకా ఉన్నాయి. అయినా అసలు మాట మీద ఒకటయినారు.

ఒక ఉదాహరణ చెప్పి ముగిస్తాను. నాయన పోయినాక అమ్మకు రైల్వే విడో పాసు వచ్చేది. ఆ పాసు మీద నెల్లూరు పక్కన తన పుట్టింటికి పోయి వచ్చేది. ఆమె రైల్వేలో ఒక్క రోజు హాజరు వేయలేదు. టీటీఈ వచ్చినప్పుడు ఆమె ఏం పని చేసిందని అడగడు. ఎవరి సర్వీసు మీద పాసు ఉంది, ఈమె ఆ ఇంటి మనిషేనా, అంతే చూస్తాడు. ఇంకొకరి సర్వీసు మీద మనం ప్రయాణం చెయ్యడం అంటే ఇదే. ఈ ఉదాహరణ అన్ని పక్కలా కుదరదు, మా నాయన క్రీస్తు కాదు. కానీ తాను సంపాదించని పాసు చేతిలో పెట్టుకుని కిటికీ పక్కన నిశ్చింతగా కూర్చోవడం ఎట్లా ఉంటుందో ఆమెకు తెలుసు.

మరి నేనెందుకు మన సంఘంలో వితంతువుల ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు రాసిపెడుతున్నాను, ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నాను అని అడగవచ్చు. పరలోకంలో నా పేరున జమ వేసుకోడానికి కాదు. ఆ లెక్క నాకు వేరొకరు తీర్చినారని నమ్ముతున్నాను. లెక్క భయం లేని మనిషికి చేతులు ఖాళీగా ఉంటాయి, పక్కవాళ్ళ పని చెయ్యడానికి. అది చెయ్యకపోతే నేను నమ్మినానన్న మాట నాకే అనుమానం.

అడిగినవాళ్ళకు నా జవాబు ఇది. ఒప్పుకోమని అనడం లేదు. శ్రీరంగం సంప్రదాయంలో ప్రపత్తి గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు మనలో ఉన్నారు. వాళ్ళు కూడా రాస్తే చదవాలని ఉంది.